వానలో ఐర్లాండ్ పల్లెదారులు: జంటల కోసం అమ్మే సెల్ఫ్ డ్రైవ్ ప్యాకేజీపై సమీక్ష

ఎవరి కారు వారే నడుపుకుంటూ ఐర్లాండ్ పల్లెసీమలు చూసి రావడానికి డబ్లిన్‌లోని ఒక పర్యాటక సంస్థ జంటల కోసం ఒక ప్యాకేజీ అమ్ముతోంది. మావారూ నేనూ సెప్టెంబరులో దాన్ని వాడుకున్నాం. అద్దె కారు, దారి పొడవునా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లలో రాత్రి బస, కొన్ని చోట్లకు ముందే కొని పెట్టిన టికెట్లు, ఏ రోజు ఏ దారిన వెళ్లాలో చెప్పే అచ్చు పుస్తకం, అవసరమైతే పిలవడానికి ఒక ఫోన్ నంబరు ఇందులో ఉంటాయి. గైడు ఉండడు, బస్సు ఉండదు, తోటి యాత్రికులు ఉండరు. మేం తిరిగినన్నాళ్లూ వాన పడని పూట అరుదు కాబట్టి, వానలో ఆ సేవ ఎంతవరకు పనికొచ్చిందన్నదే ఈ సమీక్ష. ఎండ కాసే రోజున ఏ ప్యాకేజీ అయినా బాగానే ఉంటుంది. ఐర్లాండ్ పడమటి తీరానికి యాత్రలు అమ్మేవారి పనితనం చూడవలసింది ముసురు పట్టిన రోజున.

ఇలా కోరడం అన్యాయమేమీ కాదు. ఆ దేశపు తూర్పు భాగంలో ఏడాదికి సుమారు 150 రోజులు, పడమటి భాగంలో సుమారు 225 రోజులు కనీసం ఒక మిల్లీమీటరు వాన పడుతుంది. అట్లాంటిక్ మీదుగా వీచే తడిగాలి మొదట తాకేది పడమటి కొండలనే కనుక అక్కడి ఎత్తైన చోట్ల ఏటా 2000 మిల్లీమీటర్లకు పైగా నమోదవుతుంది. అయితే అది కుండపోతగా కురిసి వెలిసిపోయే వాన కాదు. సన్నని తుంపరగా మొదలై, గాలి లేచినప్పుడు అడ్డంగా కొట్టి, అరగంట తెరిపి ఇచ్చి, కొండ మలుపు తిరిగేసరికి మళ్లీ అందుకుంటుంది. ఆ గాలికి గొడుగు నిలవదు. తలను కప్పే వానకోటు, నీరు చొరని బూట్లు ఉండి తీరాలి. ఈ మాట సంస్థవారు మేం డబ్బు కట్టకముందే స్పష్టంగా రాసి పంపారు, నీలాకాశపు ఫొటోలతో మభ్యపెట్టలేదు. వారిపై నాకు నమ్మకం కలిగింది అక్కడే. ఇళ్లు ఎంచడంలో వారు చాలా సమర్థులు. పుస్తకం రాసినవారు ఆ దారుల్లో తిరిగినవారేనని తెలుస్తూనే ఉంటుంది. రోజుల లెక్క వేసినవారు మాత్రం తడి రోడ్డు మీద అక్కడ కారు నడిపి ఉండరని నా గట్టి అభిప్రాయం.

ముందుగా కారు. మేం అడిగింది ఆటోమేటిక్ గేర్లున్న చిన్న కారు. విమానాశ్రయంలో కారు అద్దెకిచ్చేవారి కౌంటరు దగ్గర, అదే ధరకు పెద్ద ఎస్‌యూవీ ఇస్తామని, అది మాకే లాభమని చెప్పారు. ఐర్లాండ్ పల్లెదారుల్లో వెడల్పాటి కారు లాభం కాదు. పడమటి తీరంలోని కానమారాలోనూ నైరుతి మూలనున్న కెర్రీలోనూ లోపలి రోడ్లు చాలాచోట్ల ఒకటిన్నర కారు వెడల్పుకు మించవు. ఇరువైపులా రాతిగోడలు గానీ, ఆ గోడలను కప్పేసిన పొదలు గానీ ఉంటాయి. వాన పడినప్పుడు తారు ఎక్కడ ముగిసి గుంట ఎక్కడ మొదలవుతుందో నీళ్ల కింద కనబడదు. మావారు పట్టుబట్టి చిన్న కారే తీసుకున్నారు. దాని కోసం చాలాసేపు వేచి ఉండవలసి వచ్చింది, కానీ ఆ తరువాత ప్రతిరోజూ ఆ నిర్ణయానికి సంతోషించాం. అక్కడ గేర్లు చేత్తో మార్చే కార్లకు అద్దె తక్కువ, ఆటోమేటిక్‌కు ఎక్కువ. అలవాటు తప్పినవారు ఆ తేడా కట్టడమే మేలు, ఎందుకంటే ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడు వానలో వెనక్కి నడిపి, రోడ్డు కాస్త వెడల్పైన చోట ఆగడం తరచుగా చేయవలసిన పని.

బీమా గురించి ప్యాకేజీ పత్రంలో ఉన్నది ఒకే వాక్యం: అది ధరలోనే కలిసి ఉందని. అందులో సగమే నిజం. కలిసి ఉన్నది ప్రాథమిక బీమా మాత్రమే. కారుకు దెబ్బ తగిలితే ఒక పరిమితి వరకు ఖర్చు మనమే భరించాలి. మాకు ఆ పరిమితి 2000 యూరోలు. కారు తిరిగి ఇచ్చేదాకా అంత మొత్తాన్ని క్రెడిట్ కార్డు మీద నిలిపి ఉంచుతారు, ఆ కార్డు కూడా ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలి. ఈ భారం వద్దనుకుంటే రోజుకు ఇంత అని కట్టి అదనపు బీమా తీసుకోవాలి. టైర్లు, ముందు అద్దం, కారు అడుగుభాగం వంటివి చాలా ఒప్పందాల్లో ప్రాథమిక బీమా కిందకు రావు. పల్లెరోడ్ల మీద ముందుగా దెబ్బతినేవి అవే. మేం అదనపు బీమా తీసుకున్నాం, ఆ పని సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ ఈ ఖర్చును సంస్థ మొదటే ధరలో చూపించి ఉండాలి. సుదీర్ఘ ప్రయాణం చేసి అలసి దిగినవారిని కౌంటరు ముందు నిలబెట్టి ఇటువంటి నిర్ణయం అడగడం మర్యాద కాదు. రెండో డ్రైవరు పేరు చేర్చడానికి రుసుము ఉంటుందని, చెల్లుబాటులో ఉన్న భారతీయ లైసెన్సుతో సందర్శకులు 12 నెలల వరకు అక్కడ నడపవచ్చని, ఐరోపాలోని చాలా దేశాలకు పనికొచ్చే షెన్‌జెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదని మాత్రం వారు ముందుగానే తెలియజేశారు.

అక్కడ కూడా వాహనాలు ఎడమవైపునే నడుస్తాయి కనుక మనవారికి చేయి తిరగడానికి ఎంతో సమయం పట్టదు. పుస్తకంలో రోడ్డు నియమాల అధ్యాయం పొందికగా ఉంది గానీ, ఒక ముఖ్యమైన అంకె పాతబడి ఉంది. స్థానిక గ్రామీణ రోడ్ల మీద సాధారణ వేగపరిమితి గంటకు 80 కిలోమీటర్లని రాశారు. 2025 ఫిబ్రవరిలోనే దాన్ని 60కి తగ్గించారు. పరిమితి ఎంతైనా, వానలో ఆ మలుపుల మీద 40 దాటడానికే చేయి రాదన్నది వేరే విషయం. డబ్లిన్‌ను చుట్టి ఉండే ఎం50 మోటార్‌వే మీద టోల్ గేటు ఉండదని, కెమెరాలు నంబరు ప్లేటును చదువుతాయని, మరుసటి రోజు రాత్రి 8 గంటల్లోపు డబ్బు కట్టకపోతే జరిమానా పడుతుందని పుస్తకం రెండుచోట్ల హెచ్చరించింది. తెలియనివారు తప్పక మోసపోయే చోటు అది.

మొదటి రెండు మజిలీలను వానను దృష్టిలో పెట్టుకునే ఎంచినట్టున్నారు. డబ్లిన్‌కు ఉత్తరాన బోయిన్ నది లోయలో ఉన్న న్యూగ్రేంజ్ సమాధి క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో కట్టినది. సందర్శక కేంద్రం నుంచి వారి బస్సులోనే అక్కడికి వెళ్లాలి, ముందుగా టికెట్ తీసుకోకపోతే చోటు దొరకడం కష్టం. సంస్థవారు మా పేరున టికెట్లు తీసి ఉంచారు. లోపలి గది పైకప్పును రాతి మీద రాయి కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ పేర్చి మూసిన తీరు, వాననీరు పక్కలకు జారిపోయేలా ఆ రాళ్లపై చెక్కిన గాళ్లు, సందుల్లో కూరిన కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక గురించి గైడు వివరిస్తుంటే, బయట జోరుగా వాన కురుస్తూ ఉంది. లోపల ఒక్క చుక్క లేదు. అయిదు వేల ఏళ్లుగా ఆ గది పొడిగానే ఉందన్న మాటను అటువంటి రోజున వినడం ఒక అదృష్టమనే చెప్పాలి. షానన్ నది ఒడ్డున ఉన్న క్లాన్‌మాక్‌నాయిస్ మఠం కూడా అంతే బాగా కలిసొచ్చింది. ఆరో శతాబ్దంలో వెలసిన ఆ మఠంలోని ఎత్తైన రాతి శిలువలు వానకూ గాలికీ అరిగిపోకుండా అసలువాటిని భవనం లోపలికి చేర్చి, ఆరుబయట వాటి నకళ్లు నిలబెట్టారు. శిల్పాలను తీరికగా, తడవకుండా చూశాం.

ఈ ప్యాకేజీకి పెట్టిన డబ్బు సార్థకమైంది ఇళ్ల విషయంలో. కిల్లరీ సముద్రపాయ పక్కన లీనేన్ దగ్గర మేం దిగిన ఇంటికి చేరేసరికి మా కోట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇంటావిడ మమ్మల్ని పేర్లు అడగకముందే బూట్లు అడిగారు. వాటిలో పాత వార్తాపత్రికలు ఉండచుట్టి కుక్కి పొయ్యి దగ్గర పెట్టారు, కోట్లను వేడినీటి ట్యాంకు ఉండే అల్మరాలో వేలాడదీశారు, ఆ తరువాతే టీ, వెన్న రాసిన స్కోన్లు అనే చిన్న రొట్టెలు తెచ్చి మాటల్లోకి దిగారు. తెల్లారేసరికి అన్నీ పొడిగా, వెచ్చగా ఉన్నాయి. వానాకాలపు యాత్రలో ఇంతకు మించిన ఆతిథ్యం ఏముంటుంది? పుస్తకంలో ప్రతి ఇంటి పేరు పక్కన తడిబట్టలు ఆరబెట్టుకునే వీలు ఉందో లేదో ఒక చిన్న గుర్తు పెట్టారు. హోటళ్లు వెతికిపెట్టే వెబ్‌సైట్లలో ఈ సమాచారం నాకు ఎక్కడా కనిపించలేదు. ఈ సంస్థను ఎంచుకోవడానికి నా దృష్టిలో ఈ ఒక్క గుర్తే చాలినంత కారణం.

అన్ని ఇళ్లూ ఆ స్థాయిలో లేవు. కెన్‌మేర్ దగ్గరి ఇంట్లో గది అందంగా ఉంది, కిటికీలోంచి తోట కనబడుతుంది, కానీ హీటరు సాయంత్రం రెండు గంటలు మాత్రమే పనిచేసేలా అమర్చి ఉంది. ఉతికి వేసిన బట్టలు పొద్దున్నకి అలాగే ఉన్నాయి. అక్కడి ఇళ్లలో షవరుకు వేరుగా విద్యుత్ మీట ఉంటుందని, పైకప్పు నుంచి వేలాడే తాడు లాగితేనే వేడినీళ్లు వస్తాయని తెలియకపోతే మొదటి రాత్రి చన్నీళ్లే గతి అవుతాయి. పుస్తకంలో ఈ ముక్క లేదు, ఉండాలి.

పొద్దుటి ఫలహారం గురించి కొంత వివరంగా చెప్పడం అవసరం. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ అంటే పంది మాంసపు ముక్కలు, సాసేజీలు, గుడ్లు, పుట్టగొడుగులు, టొమాటోతో పాటు బ్లాక్ పుడింగ్, వైట్ పుడింగ్ అనే బిళ్లలు కూడా పళ్లెంలో ఉంటాయి. బ్లాక్ పుడింగ్‌ను పంది రక్తంతో చేస్తారు కనుక తిననివారు ముందే చెప్పుకోవాలి. మావారు మాంసాహారం ముట్టరని సంస్థకు బుకింగ్ సమయంలో రాశాం, ఆ సంగతి ప్రతి ఇంటికీ ముందుగానే చేరి ఉంది. ఒకచోట పాలతో ఉడికించిన ఓట్స్ జావ, మరొకచోట పుట్టగొడుగులతో గుడ్డట్టు, అన్నిచోట్లా మజ్జిగ, వంటసోడాలతో కాల్చే ముదురు రంగు సోడా బ్రెడ్ దొరికాయి. ఉప్పు తగలే ఐరిష్ వెన్నతో ఆ రొట్టె తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. రాత్రి భోజనం మాత్రం ప్యాకేజీలో లేదు. పల్లెల్లో పబ్బులే భోజనశాలలు, వాటి వంటగదులు చాలావరకు రాత్రి 9 గంటలకే మూతపడతాయి. చేపలు తినేవారికి పడమటి తీరంలో పాలమీగడతో చేసే సీఫుడ్ చౌడర్ అనే చిక్కటి సూపు ఎక్కడ తిన్నా బాగుంది. శాకాహారులకు రోజూ కూరగాయల సూపూ బంగాళాదుంపలే మిగిలే ప్రమాదం ఉంది. చిన్న పల్లెలో బస ఉన్న రోజుల్లో దారిలోని పట్టణంలో ఏదైనా కొని ఉంచుకోమని పుస్తకం ఒక మాట చెప్పి ఉంటే మావారికి రెండు పూటలు పస్తు తప్పేది.

కానమారా దారులను వానలోనే చూడాలని ఇప్పుడు నేను నిస్సంకోచంగా అంటాను. పన్నెండు కొండల వరుస మబ్బులో సగం మునిగి ఉంటుంది. మామూలు రోజుల్లో కనబడని సెలయేళ్లు ప్రతి వాలు మీదా తెల్లని గీతలుగా దిగుతాయి, గొర్రెలు రోడ్డు మధ్యన నింపాదిగా నిలబడి కారు ఆగేదాకా కదలవు. పుస్తకం ఇక్కడ రెండు మజిలీలు సూచించింది. ఒకటి కైల్‌మోర్ అబ్బే. మిచెల్ హెన్రీ అనే ధనికుడు భార్య మార్గరెట్‌తో కాపురం ఉండేందుకు 1867లో కట్టడం మొదలుపెట్టిన కోట అది; ఆమె మరణించాక ఆమె జ్ఞాపకార్థం సరస్సు ఒడ్డున ఒక చిన్న గోతిక్ చర్చి కట్టించాడు. 1920లో, బెల్జియంలోని తమ మఠం మొదటి ప్రపంచ యుద్ధంలో ధ్వంసం కాగా, బెనెడిక్టైన్ సన్యాసినులు ఆ కోటకు చేరుకున్నారు. జంటగా వెళ్లినవారు కోట గదుల కన్నా ఆ చర్చి దాకా నడవడానికి ఎక్కువ సమయం ఉంచుకోవాలి.

రెండోది లీనేన్ నుంచి లూయిస్‌బర్గ్ వైపు డూలాక్ లోయ గుండా వెళ్లే ఆర్335 రోడ్డు. చాలా ప్యాకేజీలు ఈ దారిని వదిలేస్తాయి. 1845 నుంచి 1852 వరకు సాగిన మహాక్షామంలో ఐర్లాండ్‌లో సుమారు పది లక్షల మంది మరణించారు, మరో పది లక్షల మంది దేశం విడిచి వెళ్లారు. 1849 మార్చిలో ఆకలితో ఉన్న జనం సహాయం కోసం అధికారులను కలవడానికి లూయిస్‌బర్గ్ నుంచి ఈ లోయ గుండా డెల్ఫీ లాడ్జికి నడిచి వెళ్లి, ఏమీ దొరకక తిరిగి వస్తూ చలిలో, వానగాలిలో దారిలోనే ప్రాణాలు వదిలారు. రోడ్డు పక్కన ఒక సాదా రాతిశిలువ ఉంది. పుస్తకం ఈ కథను ఆర్భాటం లేకుండా ఒకే పేజీలో చెప్పి, కారు ఆపి దిగమని మాత్రమే సూచించింది. మేం దిగాం, తడిశాం, చాలాసేపు మాట్లాడుకోలేదు. విహారయాత్ర అమ్మేవారు ఇటువంటి చోటును దాచకుండా దారిలో పెట్టడం నాకు ఎంతో గౌరవప్రదంగా తోచింది.

ఇక ఈ ప్యాకేజీలోని పెద్ద లోపం. కానమారాలోని క్లిఫ్డెన్ నుంచి కెర్రీలోని డింగిల్ దాకా ప్రయాణాన్ని ఒకే రోజులో పెట్టారు. పటంలో అది 300 కిలోమీటర్ల పైచిలుకు. మోటార్‌వే మీదైతే మూడు గంటల పని. కానీ ఈ దారిలో గాల్వే నగరపు రద్దీ, బర్రెన్ సున్నపురాతి బయళ్లు, మోహెర్ కొండచరియలు, షానన్ నది దాటించే పడవ, ఆపైన డింగిల్ ద్వీపకల్పపు వంకర రోడ్లు అన్నీ ఉన్నాయి. కిల్లిమర్ నుంచి టార్బర్ట్‌కు కార్లను దాటించే ఆ పడవ ఇరవై నిమిషాల్లో అవతలి ఒడ్డుకు చేర్చి, లిమెరిక్ మీదుగా చుట్టు తిరిగే 137 కిలోమీటర్లను తప్పిస్తుంది. అది తప్ప ఆ రోజు మాకు కలిసొచ్చింది ఏదీ లేదు. మోహెర్ చరియలు అత్యధికంగా 214 మీటర్ల ఎత్తున సముద్రం మీదికి నిలువుగా ఉంటాయి. మేం అక్కడికి చేరినప్పుడు పొగమంచులో పది అడుగుల దూరంలోని గోడ తప్ప ఏమీ కనబడలేదు, కింద అలల హోరు మాత్రం వినబడింది. సంస్థ కొన్న టికెట్ ఫలానా గంటకే చెల్లుతుంది, మరుసటి రోజుకు మారదు, మరుసటి రోజు మేం అక్కడ ఉండం కూడా. ఉత్త మంచును చూడడానికి బర్రెన్‌ను పరుగుమీద దాటేశాం.

నాకు మరీ బాధ కలిగించింది బర్రెన్ విషయమే. సున్నపురాయి నీటిని పైన నిలవనివ్వదు. వాననీరు పగుళ్ల గుండా కిందికి దిగిపోయి, భూగర్భజలం పెరిగినప్పుడు పల్లపు బయళ్లలోకి ఉబికి, తాత్కాలిక సరస్సులుగా నిలుస్తుంది. వాటిని టర్లాక్‌లు అంటారు. రాతి పగుళ్ల మధ్య పూసే అడవిపూలు, అయిదు వేల ఏళ్ల కిందటి పౌల్నబ్రోన్ రాతిసమాధి, 7 మీటర్లకు పైగా పొడవుతో కప్పు నుంచి వేలాడే రాతి ఊడ ఉన్న డూలిన్ గుహ, సాయంత్రం డూలిన్ పబ్బుల్లో ఫిడేలు, వేణువుల సంగీతం, ఇవన్నీ వానలోనూ చక్కగా చూడగలిగినవి, వినగలిగినవి. డూలిన్‌లో రెండు రాత్రులు ఉంచి ఉంటే మంచు తొలగిన పూట చరియలూ చూసేవాళ్లం. క్లిఫ్డెన్‌కూ డింగిల్‌కూ మధ్య బస లేని ఏ కార్యక్రమాన్నీ ఒప్పుకోవద్దని, అమ్మేవారు ఎంత నచ్చజెప్పినా మార్పించుకోమని, ఈ ప్యాకేజీ కొనదలచినవారికి గట్టిగా చెబుతున్నాను. అడిగితే మారుస్తారు, మార్చవచ్చన్న సంగతే వారి పత్రంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

డింగిల్‌లో లెక్క మళ్లీ సరిగా కుదిరింది, రెండు రాత్రులు ఇచ్చారు. కానర్ పాస్ కనుమదారి ఒకచోట ఒకే కారు పట్టే వెడల్పుకు సన్నబడుతుంది, ఒకవైపు కొండరాయి, మరోవైపు లోయ. అక్కడ రెండు టన్నులు మించిన వాహనాలను అనుమతించరు. మబ్బు దిగిన రోజున ఆ దారి వద్దని, అనస్కాల్ మీదుగా వెళ్లే ఎన్86 పట్టుకోమని పుస్తకం లావు అక్షరాల్లో చెప్పింది. అనస్కాల్‌లో సౌత్ పోల్ ఇన్ అనే పబ్బు ఉంది. అన్వేషకులు స్కాట్, షాకిల్టన్‌లతో కలిసి దక్షిణ ధ్రువ యాత్రలకు వెళ్లి వచ్చిన టామ్ క్రీన్ సొంత ఊరికి తిరిగివచ్చి నడిపిన పబ్బు అది. గోడల నిండా ఆ మంచు యాత్రల ఫొటోలు. వాటి కింద కూర్చుని వేడి సూపు తాగాక మా తడి గురించి ఫిర్యాదు చేయాలనిపించలేదు.

డింగిల్ ద్వీపకల్పపు కొసనున్న స్లే హెడ్ చుట్టూ తిరిగే సుమారు 50 కిలోమీటర్ల దారిని గడియారం ముల్లు తిరిగే దిశలోనే నడపమని పుస్తకం చెప్పిన సలహా పాటించదగినది. బస్సులు కూడా అటే తిరుగుతాయి కాబట్టి ఎదురుపడే బెడద తగ్గుతుంది. ఒకచోట కొండ వాగు రోడ్డు మీదుగానే పారుతుంది, వానలో దాన్ని మొదటి గేరులో మెల్లగా దాటాలి. అక్కడి దారిపలకల మీద ఊర్ల పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి, పుస్తకం రెండు రూపాలూ పక్కపక్కన ఇవ్వడం ఎంతో ఉపకరించింది. గాలరస్ ప్రార్థనామందిరం ఈ దారిలోనిదే. సున్నం గానీ బంక గానీ లేకుండా, బోర్లించిన పడవ ఆకారంలో రాళ్లు మాత్రమే పేర్చి కట్టిన ఆ చిన్న గది గోడలు నీరు బయటికే జారేలా వాలి ఉంటాయి. న్యూగ్రేంజ్ చూసి వచ్చినవారికి ఆ పనితనపు వారసత్వం కళ్లకు కడుతుంది, రెండింటినీ ఒకే యాత్రలో కూర్చినందుకు సంస్థను మెచ్చుకోవాలి. 1953లో చివరి కుటుంబాలు ఖాళీ చేసిన గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపం మాకు మబ్బులో లీలగా కనబడింది. ఆ ద్వీపవాసుల జీవితాన్ని, వారి సాహిత్యాన్ని వివరించే కేంద్రం ఎదుటి ఒడ్డునే ఉంది, సగం రోజు సులువుగా గడుస్తుంది.

179 కిలోమీటర్ల చుట్టుదారి రింగ్ ఆఫ్ కెర్రీ గురించి అందరూ రాసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. పర్యాటక బస్సులు గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతాయి, వాటికన్నా ముందే, పెందలాడే బయలుదేరమన్న పుస్తకపు సలహా పనిచేసింది. స్కెలిగ్ మైకేల్ దీవికి వెళ్లే మా పడవ సముద్రం బాగాలేక రద్దయింది. అది అక్కడ మామూలే. మేం అడగకముందే సంస్థవారు ఫోన్ చేసి, టికెట్ డబ్బు మొత్తం వాపసు ఇస్తున్నామని చెప్పి, వంతెన దాటి వాలెన్షియా దీవికి వెళ్లమన్నారు. 1866లో అట్లాంటిక్ గర్భంలో వేసిన, నిలకడగా పనిచేసిన తొలి టెలిగ్రాఫ్ కేబుల్ మొదలైంది ఆ దీవి నుంచే. ఆ కేబుల్ స్టేషన్‌లో మావారిని బయటికి లాక్కురావడం కష్టమైంది. కిలార్నీ దగ్గరి టార్క్ జలపాతాన్ని వాన పడిన మర్నాడు చూడమని మా ఇంటావిడ చెప్పారు. ఆ మాట విని వెళ్లిన మాకు, చెట్ల మధ్య నుంచి దూకే ఆ నీటి హోరులో ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

ఫోన్ సహాయం గురించి నాకు ఫిర్యాదు లేదు. వాతావరణ శాఖ మెట్ ఏరన్ వాన హెచ్చరికలను పసుపు, నారింజ, ఎరుపు స్థాయిల్లో ప్రకటిస్తుంది. మా దారిలో నారింజ హెచ్చరిక వచ్చిన ఉదయం సంస్థలోని ఉద్యోగిని తానే పిలిచి, తీరపు రోడ్డు మానుకొమ్మని, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉండేలా ఇంటావిడతో మాట్లాడానని చెప్పింది. బండి నడుపుతున్నవారికి ఆ సమయంలో కావలసింది అదే.

ధర మాకు ఇద్దరికీ కలిపి రోజుకు సుమారు 250 యూరోలు పడింది; పెట్రోలు, అదనపు బీమా, రాత్రి భోజనం వేరు. ఇళ్లూ కారూ విడివిడిగా బుక్ చేసుకుంటే అందులో కొంత మిగులుతుంది, కానీ ఆ ఇళ్లను వెతికి పట్టుకోవడం బయటివారికి తేలిక కాదు. నా సలహా ఏమిటంటే, కారు మినహా మిగిలినది మాత్రమే కొనవచ్చునా అని సంస్థను అడగండి. మా తరువాత వెళ్లిన మిత్రులకు వారు ఒప్పుకున్నారు.

కారు అప్పగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తడిసిన కారు మీద గీతలు కనబడవు. మేం తీసుకున్నప్పుడూ వాన పడుతూనే ఉంది, అప్పగించినప్పుడూ వాన పడుతూనే ఉంది. తీసుకున్న రోజున పైకప్పు ఉన్న పార్కింగులోకి కారును నడిపించి, గుడ్డతో తుడిచి, నాలుగు వైపులా, చక్రాలు, ముందు అద్దంతో సహా తేదీ కనబడేలా ఫొటోలు తీసి ఉంచాం. తిరిగి వచ్చిన కొన్నాళ్లకు ఎడమ తలుపు కింద గీత పడిందని అద్దె కంపెనీ రుసుము వసూలు చేసింది, మేం కొన్న అదనపు బీమా ఉన్నప్పటికీ. ఫొటోలు పంపాం, పర్యాటక సంస్థ మా తరఫున వారితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపింది, డబ్బు మూడు వారాల్లో కార్డుకు తిరిగి వచ్చింది.